మా అప్ప ఓటు, నా ఓటు



ఈసారి నేను కొంచెం బరువైన విషయం రాస్తున్నాను. నియోజకవర్గం, ఓటరు, పునర్విభజన లాంటి మాటలు మన ఇళ్ళల్లో ఎవరూ వాడరు. నేను వీటిని తెలుగు వార్తలు విని, రాసుకుని నేర్చుకున్నాను. నా అనుభవంలో ఒక మాట గట్టిగా గుర్తుండాలంటే, మనకు నిజంగా పట్టింపు ఉన్న విషయం గురించి ఆ మాట వాడాలి. ఈ విషయం గురించి నాకు పట్టింపు ఉంది. మా అప్పకు కూడా ఉంది. మా ఇద్దరికీ దీని మీద చాలాసార్లు వాదన జరిగింది.

అప్ప అంటే అక్క. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారు, అందుకే మా ఇంట్లో అక్కను అప్ప అనే పిలుస్తాం.

మేము పుట్టింది పేరాక్ రాష్ట్రంలో, బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి తోటలో. అప్ప ఇప్పటికీ ఆ వైపే ఉంటుంది. నేను చదువు అయ్యాక సెలంగోర్‌కు వచ్చి, కాపార్ దగ్గర స్థిరపడ్డాను. ఇద్దరం మలేషియా పౌరులమే. ఇద్దరికీ ఒక్కో ఓటు ఉంది. అయినా మా ఓట్ల విలువ ఒకటి కాదు.

2013 ఎన్నికల్లో కాపార్ పార్లమెంటు నియోజకవర్గంలో 1,44,159 మంది ఓటర్లు ఉన్నారు. దేశంలో అదే అన్నిటికన్నా పెద్దది. బాగన్ దాతుక్‌లో 50 వేల మంది కూడా లేరు. రెండు చోట్ల నుంచీ పార్లమెంటుకు వెళ్ళేది ఒక్కొక్కరే. అంటే నా ఓటు మా అప్ప ఓటులో మూడో వంతు కూడా కాదు.

లెక్క అర్థం కాని వాళ్ళ కోసం గుళ్ళో మాట చెప్తాను. శ్రీరామనవమి రోజు పులిహోర పెట్టడానికి రెండు వరసలు పెడతాం. రెండు వరసలకూ ఒకే సైజు గిన్నె ఇస్తాం. ఒక వరసలో 50 మంది ఉండి, రెండో వరసలో 150 మంది ఉంటే ఏమవుతుంది? మొదటి వరసలో ప్రతి ఒక్కరికీ ఆకు నిండా వస్తుంది. రెండో వరసలో పిడికెడే వస్తుంది. వడ్డించేవాడు మంచివాడే. పులిహోర కూడా ఒకే పొయ్యి మీద చేసిందే. తప్పంతా వరసలు విడదీసిన చోట ఉంది.

ఇది పొరపాటున జరిగింది కాదు. చట్టమే దీనికి దారి ఇచ్చింది. 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాజ్యాంగంలో ఒక హద్దు ఉండేది. ఏ నియోజకవర్గమైనా సగటు కన్నా నూటికి 15 వంతుల కంటే ఎక్కువగా గానీ తక్కువగా గానీ ఉండకూడదు. అంటే సగటు 100 అయితే, 85కీ 115కీ మధ్య ఉండాలి. 1962లో ఆ హద్దు సడలించారు. పల్లె నియోజకవర్గంలో పట్నం నియోజకవర్గంలో ఉన్న ఓటర్లలో సగం మంది ఉన్నా చాలు అన్నారు. 1973లో ఆ సగం అనే హద్దు కూడా తీసేశారు. ఇప్పుడు రాజ్యాంగం 13వ షెడ్యూలులో మిగిలింది ఇంతే: ఓటర్ల సంఖ్య దాదాపు సమానంగా ఉండాలి, కానీ పల్లెల్లో ఓటర్లను చేరుకోవడం కష్టం కాబట్టి వాటికి కొంత మొగ్గు ఇవ్వాలి. ఆ "కొంత" అంటే ఎంతో ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు అప్ప వాదన చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం.

"నీకు ఏటి తెలుసురా?" అంటుంది. "నీ ఇంటి నుంచి ఆసుపత్రికి ఎంత దూరం? మన అమ్మకు పురిటి నొప్పులు వస్తే ఎక్కడికి తీసుకెళ్ళేవారో గుర్తుందా?"

గుర్తుంది. తెలుక్ ఇంతాన్‌కు తీసుకెళ్ళాలి. అప్పట్లో ఆ ఊరి పేరు తెలుక్ ఆన్సన్. తోట లారీ దొరికితే లారీలో, లేకపోతే దేవుడి మీద భారం వేసి ఇంట్లోనే. పట్నంలో రోడ్డు పాడైతే పేపరులో ఫోటో వస్తుంది. తోటలో నీళ్ళు రాకపోతే మేనేజరు దయ. మందిని లెక్కపెట్టి మాత్రమే సీట్లు ఇస్తే, అందరూ పట్నంలోనే ఉన్నారు కాబట్టి పల్లె గొంతు ఎవరికీ వినపడదు. "మాకు ఉన్నది ఆ ఓటు ఒక్కటే, అది కూడా కోసేస్తారా?" అని అడుగుతుంది. 2022 ఎన్నికల్లో బాగన్ దాతుక్‌లో గెలిచినవారికీ ఓడినవారికీ తేడా 348 ఓట్లు. "అందుకే మా గడప దాకా వచ్చారు. నీ గడపకు ఎవరైనా వచ్చారా?" అంటుంది.

రాలేదు. ఆ మాట నిజమే.

చాలా ఏళ్ళు నేను ఈ వాదన ఒప్పుకున్నాను. 2016లో ఎన్నికల సంఘం కొత్త హద్దుల ప్రతిపాదన పెట్టింది. దీన్నే నియోజకవర్గాల పునర్విభజన అంటారు. అప్పుడు ఒక కుర్రవాడు మా ఇంటికి అభ్యంతరం కాగితం పట్టుకుని వచ్చి, "అంకుల్, ఒక సంతకం పెట్టండి" అన్నాడు. నేను పెట్టలేదు. మా అప్ప గుర్తొచ్చింది. పల్లెవాళ్ళ నోటి దగ్గరిది మనం లాక్కోకూడదు అనుకున్నాను. ఆ కుర్రవాడికి టీ ఇచ్చి పంపించాను. ఇప్పుడు ఆ పని తప్పు అనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

మొదటి కారణం మా గుళ్ళో కనిపించింది. శనివారాలు నేను చెప్పుల స్టాండు దగ్గర, వంటింట్లో పని చేస్తాను. వచ్చేవాళ్ళలో సగం మంది ఒకప్పుడు తోటల్లో పుట్టినవాళ్ళే. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. తర్వాత ఎన్నో తోటల్లో ఇళ్ళ స్థలాలు, ఫ్యాక్టరీలు వచ్చాయి. లైన్ ఇళ్ళు కూల్చారు. మనవాళ్ళు వెళ్ళమంటే వెళ్ళారు. ఎక్కడికి? క్లాంగ్, కాపార్, పూచోంగ్ వైపు, చవక ఫ్లాట్లకు. అక్కడ లిఫ్టు పాడైతే నెలల తరబడి బాగుపడదు. ఆ ఫ్లాటులో నాలుగో అంతస్తులో ఉన్న ముసలమ్మ, మా అప్ప కన్నా ఏ విధంగా సుఖంగా ఉంది? తోట పోయింది, ఇల్లు పోయింది. లారీ ఎక్కి ఊరు మారిన రోజే ఆమె ఓటు విలువ కూడా మూడో వంతుకు పడిపోయింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పల్లె అంటే పేదరికం, పట్నం అంటే డబ్బు అనే లెక్క మా తాతల కాలంలో సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. ఓటు బరువు పేదరికాన్ని చూసి ఇవ్వడం లేదు. మ్యాపు మీద గీతను చూసి ఇస్తున్నారు.

రెండో కారణం పుత్రజయ. 2013లో దేశంలో అన్నిటికన్నా చిన్న నియోజకవర్గం ఏది అంటే, అది అడవిలో ఉన్న పల్లె కాదు. పుత్రజయ. కొత్తగా కట్టిన ప్రభుత్వ నగరం, మంత్రుల ఆఫీసులు ఉన్న చోటు. వెడల్పాటి రోడ్లు, వంతెనలు, దీపాలు ఉన్నాయి. అక్కడ ఓటర్లు 15,791 మంది. కాపార్‌లో తొమ్మిది మంది ఓటు వేస్తే పుత్రజయలో ఒకరు వేసినట్టు. పుత్రజయ సమాఖ్య ప్రాంతం కాబట్టి దానికి వేరే సీటు ఇచ్చారు, ఆ కారణం వేరు. కానీ హద్దు లేని చోట ఇలాంటివన్నీ దూరిపోతాయి. పల్లె కోసం తెరిచిన తలుపు పల్లెకు మాత్రమే తెరుచుకోదు.

మూడో కారణం ఫలితం. 2013లో బారిసాన్ నేషనల్‌కు నూటికి 47 ఓట్లు వచ్చాయి, సీట్లు 222లో 133 వచ్చాయి. పాకతాన్ రాక్యాత్‌కు నూటికి దాదాపు 51 ఓట్లు వచ్చాయి, సీట్లు 89 వచ్చాయి. మీరు ఏ పార్టీ అయినా సరే, నాకు పట్టింపు లేదు. ఒక నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఓట్లకూ సీట్లకూ కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. అది ఒప్పుకుంటాను. కానీ ఎక్కువ మంది వద్దన్నవాళ్ళు అంత తేడాతో ప్రభుత్వం నడిపితే, ఓడినవాళ్ళకు ఎన్నికల మీద నమ్మకం పోతుంది. మన సంఘం ఎన్నికల్లో ఇలా జరిగితే మనం ఊరుకుంటామా? కుర్చీలు ఎగురుతాయి!

ఇప్పుడు పరిస్థితి బాగుపడిందా? లేదు. 2021 డిసెంబరు 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఓటు హక్కు వచ్చింది, పేర్లు తమంతట తామే జాబితాలో చేరుతున్నాయి. అది మంచి పని. 2018లో సుమారు 1 కోటి 49 లక్షల మంది ఉన్న ఓటర్లు 2022 నాటికి 2 కోట్ల 11 లక్షలు దాటారు. (లక్ష, కోటి లెక్క నాకు ఇంకా తడబాటే. ఇంగ్లీషు బడిలో చదువుకున్నవాడిని, ముందు మిలియన్లలో అనుకుని తర్వాత మార్చుకుంటాను.) అయితే కొత్త పేర్లు ఎక్కువగా పట్నాల చుట్టూ చేరాయి, హద్దులు మాత్రం పాతవే. 2022లో సెలంగోర్‌లోని బాంగీలో ఓటర్లు 3,03,430 మంది. సరవాక్‌లోని ఇగాన్‌లో సుమారు 28 వేలు. తేడా పది రెట్లు దాటింది.

"సరవాక్ సంగతి వేరు కదా?" అని మీరు అడగవచ్చు. అవును, వేరే. సరవాక్ ఒక్కటే దాదాపు మన ద్వీపకల్పం అంత ఉంటుంది. బారమ్, హులు రజాంగ్ లాంటి చోట్ల కొన్ని ఊళ్ళకు పడవలోనే వెళ్ళాలి. ఒక ఎంపీ అన్ని ఇళ్ళూ తిరగాలంటే ఏళ్ళు పడుతుంది. పైగా 1963లో సరవాక్, సబా మలేషియాలో చేరినప్పుడు ఒక ఒప్పందంతో చేరాయి. అప్పుడు పార్లమెంటులో 159 సీట్లు. సరవాక్‌కు 24, సబాకు 16, సింగపూర్‌కు 15, మిగిలిన 104 మలయాకు. ఆ మూడూ కలిసి మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. 1965లో సింగపూర్ వెళ్ళిపోయింది, దాని సీట్లు కూడా పోయాయి. ఇప్పుడు 222లో సరవాక్‌కు 31, సబాకు 25 ఉన్నాయి, అంటే నాలుగో వంతు. మాకు మూడో వంతు కావాలి అని వాళ్ళు అడుగుతున్నారు. అది రెండు భూముల మధ్య మాట. ఆ మాట నిలబెట్టాలా వద్దా అన్నది వేరే చర్చ. దాన్ని పల్లె, పట్నం వాదనతో కలపకూడదు.

కలపకుండా చూద్దాం. ఒకే రాష్ట్రం, సెలంగోర్ మాత్రమే తీసుకుందాం. బాంగీలో 3 లక్షలు దాటారు. సబాక్ బెర్నామ్‌లో 50 వేల పైచిలుకు. దాదాపు ఆరు రెట్ల తేడా. సబాక్ బెర్నామ్ మా అప్ప ఊరికి నది అవతల. అప్పను చూడడానికి వెళ్ళేటప్పుడు నేను ఆ దారిలోనే కారు నడుపుతాను. అక్కడికి పడవ అక్కర్లేదు. తారు రోడ్డు ఉంది, పెట్రోలు బంకు ఉంది, ఫోను సిగ్నల్ ఉంది. 1962లో "చేరుకోవడం కష్టం" అన్న మాట నిజం. ఆరు రెట్లు ఇచ్చేంత కష్టం ఇప్పుడు అక్కడ లేదు.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు? బ్రిటన్‌లో నియోజకవర్గం సగటు కన్నా నూటికి 5 వంతుల కంటే ఎక్కువ తేడాగా ఉండకూడదు. అయితే కొన్ని ద్వీపాలకు మినహాయింపు ఉంది. ఆ ద్వీపాల పేర్లు చట్టంలోనే రాశారు. నాకు ఈ పద్ధతి నచ్చింది. మినహాయింపు ఇవ్వండి, కానీ ఎవరికి ఇచ్చారో పేరు పెట్టి రాయండి. అప్పుడు మిగిలినవాళ్ళు ఆ చాటున దూరలేరు.

మన తాతల దేశంలో కూడా ఈ సమస్య ఉంది. హైదరాబాద్ అంచున మల్కాజ్‌గిరి అనే లోక్‌సభ నియోజకవర్గం ఉంది. భారతదేశంలో ఓటర్ల లెక్కన అదే అన్నిటికన్నా పెద్దది. 2019లో అక్కడ ఓటర్లు 31 లక్షలు దాటారు. అదే తెలంగాణలో ఆదిలాబాద్‌లో దాదాపు అందులో సగం. అక్కడ పల్లెలకు మొగ్గు ఇవ్వాలని ఎవరూ నిర్ణయించలేదు. 2008లో హద్దులు గీసినప్పుడు 2001 జనాభా లెక్క వాడారు. తర్వాత నగరం పెరిగింది, హద్దు కదలలేదు. మలేషియాలో చట్టం మొగ్గు ఇచ్చింది, అక్కడ కాలం ఇచ్చింది. నష్టపోయింది రెండు చోట్లా ఒకరే: పని కోసం ఊరు వదిలి నగరం అంచుకు వచ్చినవాళ్ళు.

సరే, మరి మా అప్పకు నేను ఏం చెప్పాలి? "నీ ఓటు తగ్గించుకో, నాది పెంచుతాను" అంటే ఏ అప్ప ఒప్పుకుంటుంది?

నా అభిప్రాయం ఇది.

హద్దు మళ్ళీ రాజ్యాంగంలో రాయాలి. 1957లో ఉన్న 15 వంతులే కావాలని నేను పట్టుబట్టను. ఒకే రాష్ట్రంలో పట్నం, పల్లె మధ్య కొంత తేడా ఉండవచ్చు. కానీ అది ఒక అంకె అయి ఉండాలి. "కొంత" అనే మాటతో సరిపెట్టకూడదు. నిజంగా చేరుకోలేని చోట్లకు, పడవ మీద వెళ్ళే చోట్లకు, పేరు పెట్టి మినహాయింపు ఇవ్వాలి.

పల్లెకు కావలసింది పల్లెకు నేరుగా ఇవ్వాలి. మా అప్పకు డాక్టరు కావాలి, బస్సు కావాలి, మంచి నీళ్ళు కావాలి. పెద్ద ఓటు ఆమెకు ఇవి తెచ్చిందా? ఇన్ని ఏళ్ళుగా ఆమె ఓటు నా ఓటు కన్నా మూడు రెట్లు. ఇన్ని ఏళ్ళుగా ఆమె అడుగుతున్నవి కూడా అవే. ఎన్నికల ముందు గడపకు వస్తారు, బియ్యం మూట ఇస్తారు, ఫోటో తీసుకుంటారు. నేను ఇది అంటే అప్ప కోపంగా చూస్తుంది కానీ కాదు అనదు.

అప్పకు నిజంగా ఉపయోగపడే ఓటు ఇంకొకటి ఉంది, అది ఆమెకూ లేదు, నాకూ లేదు. స్థానిక ఎన్నికలు. మలేషియాలో వాటిని 1965లో ఆపారు. 1976 చట్టంతో పూర్తిగా తీసేశారు. మన కాలువ శుభ్రం చేసే కౌన్సిలులో ఎవరు కూర్చోవాలో మనం చెప్పలేం, పైనుంచి నియమిస్తారు. పల్లె గొంతు వినపడాలని నిజంగా ఉంటే, పల్లెవాళ్ళకు వాళ్ళ కౌన్సిలును ఎన్నుకునే హక్కు ఇవ్వండి. దూరంగా ఉన్న పార్లమెంటులో లావు ఓటు కన్నా దగ్గరగా ఉన్న కౌన్సిలులో మామూలు ఓటు మేలు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం కూడా చెప్పాలి. మన దేశంలో పల్లె, పట్నం అన్నప్పుడు జాతి మాట కూడా లోపల ఉంటుంది. పల్లె సీట్లలో మలయ్ ఓటర్లు ఎక్కువ కాబట్టి, హద్దులు మార్చాలంటే "మా బలం తగ్గిస్తారు" అని వాళ్ళకు భయం. ఆ భయాన్ని మనం ఎగతాళి చేయకూడదు. కానీ ఇప్పుడు బాంగీలో, షా ఆలమ్‌లో, కాపార్‌లో కూడా మలయ్ కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. మనలాగే వాళ్ళూ పల్లె వదిలి వచ్చారు. వాళ్ళ ఓటు కూడా నా ఓటులాగే సన్నబడింది. ఇది ఒక జాతి ఇంకో జాతి దగ్గర లాక్కునే విషయం కాదు. కదిలినవాళ్ళకూ కదలనివాళ్ళకూ మధ్య ఉన్న విషయం.

చివరిగా మనం చేయగల పని ఒకటి ఉంది. చట్టం ప్రకారం ఒక పునర్విభజన తర్వాత కనీసం ఎనిమిదేళ్ళు ఆగి ఇంకొకటి చేయవచ్చు. ద్వీపకల్పంలో పోయినది 2018 మార్చిలో పార్లమెంటులో నెగ్గింది. ఎన్నికల సంఘం కొత్త ప్రతిపాదన పెట్టినప్పుడు, ఆ నియోజకవర్గంలో 100 మంది ఓటర్లు కలిసి అభ్యంతరం రాసి ఇస్తే, సంఘం వాళ్ళ మాట వినాలి. 100 మంది అంటే ఎంత? మా గుళ్ళో ఒక మామూలు శనివారం పొద్దున అంతమంది పులిహోర తింటారు.

అయితే గుళ్ళో సంతకాలు పెట్టించవద్దు. ఈ మాట నేను కమిటీలో ఎవరూ అడగక ముందే చెప్పాను. గుడికి అన్ని పార్టీల వాళ్ళూ వస్తారు, దేవుడి ముందు ఆ గొడవ వద్దు. మా ఇంటి వరండాలో బల్ల వేస్తాను, పెన్నులు పెడతాను, టీ కూడా ఇస్తాను. 2016లో వచ్చిన ఆ కుర్రవాడు మళ్ళీ వస్తే మొదటి సంతకం నాదే.

పోయిన వారం ఫోనులో అప్పకు ఇదంతా చదివి వినిపించాను. చివరి దాకా విన్నది. "తెలుగు బాగానే రాస్తున్నావు," అంది. తర్వాత, "నా ఓటు తగ్గిస్తే ముందు నాకు డాక్టరును పంపించమని రాయి," అంది.

రాశాను అప్పా.